సబ్బు ఇంట్లో నేర్చుకుందాం, అమ్మకానికి కలిసి చేద్దాం

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో సబ్బుల తయారీ బృందం తరఫున చదివిన ప్రసంగం)



ఈ సంవత్సరం సంఘం మీటింగులకు ఎక్కడికి పోయినా మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి, "సబ్బులు చేసుడు నేర్పిస్తరా?" రెండు, "లోన్ తీసుకొని ఇంట్లనే పెట్టుకుంటే నడుస్తదా?" మొదటి ప్రశ్నకు జవాబు సులువు. తప్పకుండా నేర్పిస్తాం, వంట వచ్చిన మనిషికి సబ్బు వస్తుంది. రెండో ప్రశ్నకు మాత్రం అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పలేం. అప్పు మీద సంతకం పెట్టేది మీరు, కిస్తీ కట్టేది మీరు. అందుకే తయారీ, వాసన, రూపం, లెక్క, చట్టం అన్నీ వరుసగా చెప్తాం. చివర మా బృందం ఒక తీర్మానం ముందు పెడుతుంది. విని, అడిగి, ఆ తర్వాతే చెయ్యి ఎత్తండి.

మన దగ్గర ఈ సబ్బు ఎవరు కొంటారు?

మనం ఉన్న చోటు వ్యాపారానికి మంచిది. అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లకు రెండు రాష్ట్రాల నుంచి పిల్లలు వస్తారు, లేడీస్ హాస్టళ్ళు గల్లీకొకటి ఉన్నాయి. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ముందు ఎప్పుడూ జనమే. ఆషాఢ మాసంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి వచ్చేవాళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

అయితే జనం ఉన్నంత మాత్రాన అందరూ మన సబ్బు కొంటారని అనుకోవద్దు. కిరాణా దుకాణంలో పది రూపాయల సబ్బు దొరుకుతుంది. పెద్ద కంపెనీతో ధరలో మనం పోటీ పడలేం. హాస్టల్ అమ్మాయి నెల చివర మన సబ్బు కొనదు. కొనేది ఎవరంటే, పెళ్ళికి, సీమంతానికి, గృహప్రవేశానికి వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి చూసేవాళ్ళు. ఆఫీసులో దీపావళి గిఫ్టులు ఇచ్చేవాళ్ళు. ఒంటికి ఏం రాసుకుంటున్నామో తెలుసుకోవాలనుకునేవాళ్ళు. వీళ్ళు ఒక్కసారి నమ్మితే మళ్ళీ వస్తారు, ఒక్కసారి నమ్మకం పోతే ఇక రారు. ఈ పనిలో మన పెట్టుబడి సగం పైసలు, సగం నమ్మకం.

సబ్బు అంటే ఏమిటి?

మన అమ్మమ్మలు సున్నిపిండి, శనగపిండి, కుంకుడుకాయలతో స్నానం చేయించారు. అవి సబ్బులు కావు, కానీ మురికిని వదిలించేవి. సబ్బు అంటే నూనె, కాస్టిక్ సోడా కలిసి మారిపోయిన కొత్త పదార్థం. లెక్క సరిగ్గా ఉంటే ఆరిన సబ్బులో కాస్టిక్ మిగలదు. నూనె నుంచి గ్లిజరిన్ కూడా పుడుతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో దాన్ని విడదీసి వేరేగా అమ్ముకునే పద్ధతి ఉంది, మన చేతి సబ్బులో అది లోపలే ఉండిపోతుంది. రాసుకున్నాక ఒళ్ళు మరీ పొడిబారకపోవడానికి అదొక కారణం.

చెయ్యడానికి రెండు దారులున్నాయి. ఒకటి, తయారైన సబ్బు బేస్ కొని, కరిగించి, రంగు, వాసన కలిపి అచ్చులో పోయడం. దీనికి కాస్టిక్ ముట్టుకోనక్కర్లేదు, పొద్దున పోస్తే సాయంత్రానికి సబ్బు చేతికొస్తుంది. కొత్తవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టాలి. రెండోది, నూనెలతో మొదటి నుంచి మనమే చెయ్యడం. దీన్ని కోల్డ్ ప్రాసెస్ అంటారు, అంటే పొయ్యి మీద ఉడికించకుండా చేసే పద్ధతి. పేరు పడేది ఈ సబ్బుకే, జాగ్రత్త కావలసిందీ దీనికే.

ఒక కిలో నూనెకు లెక్క

ప్రతి నూనెకూ కాస్టిక్ సోడా వేరుగా పడుతుంది. నూరు గ్రాముల కొబ్బరి నూనెకు సుమారు 18.3 గ్రాములు, పామాయిల్‌కు 14.1, నువ్వుల నూనెకు 13.3, ఆముదానికి 12.8 గ్రాములు. అందుకే "కొబ్బరి నూనె అయిపోయింది, పల్లి నూనె పోద్దాం" అంటే కుదరదు. నూనె మారితే లెక్క మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలి.

మేము నేర్పించే మొదటి పాళ్ళు ఇవి: కొబ్బరి నూనె 500 గ్రాములు, పామాయిల్ 300, నువ్వుల నూనె 100, ఆముదం 100. మొత్తం కిలో. కొబ్బరి నురగనిస్తుంది, మన బోరు నీళ్ళ ఉప్పదనానికి కూడా కొంత నురగ వస్తుంది. పామాయిల్ గట్టిదనం ఇస్తుంది. ఆముదం నురగను నిలబెడుతుంది. ఈ నాలుగింటికీ కలిపి కాస్టిక్ సోడా 159.9 గ్రాములు కావాలి. అంతా వెయ్యం. ఐదు శాతం తగ్గించి 152 గ్రాములు వేస్తాం. అప్పుడు కొంచెం నూనె మారకుండా మిగిలి ఒంటికి మెత్తగా ఉంటుంది, తూకంలో చిన్న తేడా వచ్చినా కాపాడుతుంది. నీళ్ళు 304 గ్రాములు. నల్లా నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు, డిస్టిల్డ్ వాటర్ వాడాలి.

అన్నీ తూకమే. గ్లాసులు, గంటెలు, చేతి అందాజా ఇక్కడ పనికిరావు. కూరలో ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పోస్తాం. సబ్బులో కాస్టిక్ ఎక్కువైతే ఒళ్ళు మండుతుంది. ఒక గ్రాము వరకు చూపించే ఎలక్ట్రానిక్ కాంటా లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

టిఫిన్ బండ్ల దగ్గర మిగిలిన నూనె చవకగా వస్తుందని కొందరు అడిగారు. ఒంటి సబ్బుకు అది వద్దు. బజ్జీలు కాల్చి కాల్చి మాడిన నూనె త్వరగా చెడిపోతుంది. సబ్బు మీద నారింజ రంగు మచ్చలు పడి ముక్క వాసన వస్తుంది.

కాస్టిక్ దగ్గర కట్టుబాట్లు

అక్కలారా, ఈ భాగం జర జాగ్రత్తగా వినండి. మన ఇళ్ళు చాలావరకు ఒకటి, రెండు గదులవి. వంట అక్కడే, పిల్లల చదువు అక్కడే, పడక అక్కడే. కాస్టిక్ సోడా చూడటానికి పటికలాగా, పెద్ద ఉప్పులాగా తెల్లగా ఉంటుంది. పిల్లలు చక్కెర అనుకునే ప్రమాదం ఉంది. అందుకే మా బృందం కొన్ని కట్టుబాట్లు పెట్టింది.

కాస్టిక్‌ను మూత బిగించిన గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి, తాళం ఉన్న చోట పెట్టాలి. కూల్‌డ్రింక్ సీసాలో, పచ్చడి సీసాలో ఎప్పుడూ పొయ్యొద్దు. కలిపే రోజు పిల్లలు ఇంట్లో ఉండకూడదు. రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల జాకెట్టు లేదా చొక్కా వేసుకోవాలి. కొంగు నడుముకు బిగించాలి, జుట్టు ముడి వెయ్యాలి.

సిల్వర్ గిన్నెలు వాడొద్దు. మనం సిల్వర్ అనేది అల్యూమినియం. కాస్టిక్ దాన్ని తినేస్తుంది, మండే వాయువు పుడుతుంది. స్టీలు గిన్నె గానీ, వేడికి తట్టుకునే గట్టి ప్లాస్టిక్ జగ్గు గానీ వాడాలి. ఆ గిన్నెలు మళ్ళీ వంటకు వాడొద్దు.

ఎప్పుడూ నీళ్ళలో కాస్టిక్‌ను కొంచెం కొంచెంగా వెయ్యాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోస్తే పొంగి చిమ్ముతుంది. సరిగ్గా కలిపినా నీళ్ళు పొయ్యి లేకుండానే దాదాపు మరిగేటంత వేడెక్కుతాయి, ఘాటైన ఆవిరి వస్తుంది. కిటికీ పక్కనో, వాకిట్లోనో నిలబడి, మొహం పక్కకు తిప్పుకొని కలపాలి.

చేతి మీద పడితే వెంటనే పారే నీళ్ళ కింద ఇరవై నిమిషాలు కడగాలి. నిమ్మరసం, వెనిగర్ రాయొద్దు. కంట్లో పడితే అదే పనిగా కడుగుతూ కంటి ఆసుపత్రికి పోవాలి. "సాయంత్రం చూద్దాంలే" అన్న మాట అక్కడ పనికిరాదు.

కలపడం, ఆరబెట్టడం

కాస్టిక్ నీళ్ళు, నూనెలు రెండూ గోరువెచ్చగా, సుమారు 40 నుంచి 45 డిగ్రీలకు వచ్చాక, నూనెలో కాస్టిక్ నీళ్ళు సన్నటి ధారగా పోస్తూ కలపాలి. హ్యాండ్ బ్లెండర్ ఉంటే కొన్ని నిమిషాల్లో చిక్కబడుతుంది, గంటెతో అయితే చాలాసేపు తిప్పాలి. గంటె ఎత్తి పై నుంచి వదిలితే ధార పడిన గీత కాసేపు పైన నిలవాలి, పల్చటి దోశ పిండిలాగా. అప్పుడు వాసన, రంగు కలిపి అచ్చులో పోసి తువాల కప్పాలి. ఒకటి రెండు రోజులకు గట్టిపడుతుంది. గ్లౌజులు తొడుక్కొనే ముక్కలు కొయ్యాలి, అప్పటికి ఇంకా ఘాటు ఉంటుంది.

తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు నీడలో, గాలి తగిలేటట్టు అర మీద ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది, నూనె చెడుతుంది. వానాకాలంలో సబ్బుకు చెమట పడుతుంది. గ్లిజరిన్ గాలిలో తేమను లాక్కుంటుంది, అదే కారణం. ఆరు వారాల తర్వాత పీహెచ్ కాగితంతో చూడాలి. సాధారణంగా 9, 10 దగ్గర ఉంటుంది. 11 దాటితే ఎవరికీ ఇవ్వొద్దు.

ఈ ఆరు వారాలు గుర్తు పెట్టుకోండి. లెక్కల దగ్గర మళ్ళీ వస్తాయి.

వాసన, రంగు, రూపం

వాసన కిలో నూనెకు 20 నుంచి 30 గ్రాములు చాలు. బేగంబజార్‌లో కొనేటప్పుడు "సబ్బులో వాడేది" అని అడిగి తీసుకోండి. కేకులో వేసే ఎసెన్సు, అగరుబత్తి సెంటు పనికిరావు. మల్లెపూలు, గులాబీ రేకులు సబ్బులో వేస్తే నల్లబడతాయి, వాసన నిలవదు. నిమ్మ, నారింజ నూనెల వాసన ఆరేలోపే సగం పోతుంది. నిమ్మగడ్డి నూనె బాగా నిలుస్తుంది. వట్టివేరు పొడి రుద్దుకోవడానికి బాగుంటుంది. వేపనూనె కిలోలో వంద గ్రాములు దాటితే ఆ వాసన అందరూ ఓర్చుకోలేరు. వెనీలా కలిపితే సబ్బు గోధుమ రంగుకు తిరుగుతుంది, ముందే తెలిస్తే దాన్నే అందంగా వాడుకోవచ్చు.

గంధం సంగతి వేరు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల మైసూరు సంస్థానంలో గంధపు చెక్క విదేశాలకు పోక నిలిచిపోయింది. 1916లో అక్కడ గంధపు నూనె తీయడం మొదలుపెట్టారు, 1918లో మైసూర్ శాండల్ సబ్బు వచ్చింది. అసలు గంధపు నూనె చాలా ఖరీదు. మనం వాడేది గంధం వాసన ఉన్న సెంటు అయితే, పెట్టె మీద కూడా "గంధపు వాసన" అనే రాయాలి, "గంధం సబ్బు" అని కాదు. కొనేవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది.

రంగులకు పసుపు వాడొచ్చు, కాస్టిక్ తగిలి నారింజ రంగుకు మారి, మెల్లగా వెలుస్తుంది. బీట్‌రూట్ ఎరుపు నిలవదు, మట్టి రంగు అవుతుంది. బొగ్గు పొడి, ముల్తానీ మట్టి నిలుస్తాయి. ముగ్గుల రంగులు, హోలీ రంగులు ఎంత బాగా కనిపించినా ఒంటి సబ్బులో వెయ్యొద్దు. ఒంటికి వాడేందుకు తయారైన రంగులే కొనండి.

అచ్చులకు ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు. లోపల బటర్ పేపర్ పరిచిన చెక్క పెట్టె చాలు. ప్లాస్టిక్ పైపు ముక్కలో పోస్తే గుండ్రటి బిళ్ళలు వస్తాయి. రెండు రంగుల పిండి ఒకదాని మీద ఒకటి పోసి పుల్లతో ఒక్కసారి లాగితే అలల గీతలు పడతాయి. బట్టల మీద అద్దే చెక్క అచ్చుల లాంటి చిన్న ముద్ర ఒకటి చేయిస్తే, ముక్క మీద చుక్కల ముగ్గో, బతుకమ్మ పువ్వో నొక్కొచ్చు. మన చేతికి ముగ్గు వచ్చు, ఆ గీతే మన గుర్తు అవుతుంది. కంపెనీ సబ్బు బొమ్మను, పేరును చూసి గీయడం మాత్రం వద్దు.

పైసల లెక్క

ఇప్పుడు చెప్పేవి ఉదాహరణ అంకెలు. మీరు కొనే రోజు ధరలు వేసుకుని మళ్ళీ చూసుకోండి.

కిలో నూనె పాళ్ళతో మొత్తం 1,456 గ్రాముల పిండి వస్తుంది. ఆరాక సబ్బు సుమారు పదో వంతు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ బరువు తగ్గుతుంది. పెట్టె మీద 100 గ్రాములు అని రాస్తే ఇచ్చేటప్పుడు 100 గ్రాములు ఉండాలి కదా. అందుకని కోసేటప్పుడు 115 గ్రాములు కొయ్యాలి. అప్పుడు 12 సబ్బులు, కొంత తరుగు.

నూనెలు, కాస్టిక్ 300 రూపాయలు అనుకుందాం. వాసన, రంగు 100. కాగితం, పెట్టె 60. మొత్తం 460. చాలామంది ఇక్కడ ఆగి, పన్నెండుతో భాగించి, "సబ్బు 38 రూపాయలకే పడ్డది, 80కి అమ్మితే సగానికి పైనే లాభం" అంటారు. మన చేతుల కూలి ఏది? కలపడం, కొయ్యడం, చుట్టడం కలిపి మూడు గంటలు. గంటకు 60 చొప్పున 180. అప్పుడు మొత్తం 640, సబ్బు 53 రూపాయలకు పడింది. ఒక ముక్క విరిగితే పదకొండే మిగులుతాయి, ఒక్కోటి 58. దుకాణానికి ఇస్తే వాళ్ళు 80లో నాలుగో వంతు తీసుకుంటే మనకు వచ్చేది 60. అంటే లాభం రెండు రూపాయలు. కిరాయి, కరెంటు, వడ్డీ ఇంకా వెయ్యలేదు. అదే సబ్బు మనమే స్టాల్‌లో నిలబడి అమ్మితే 22 మిగులుతుంది, కానీ నిలబడిన రోజు కూలి అందులోంచే పోవాలి.

ఆ ఆరు వారాల సంగతి ఇప్పుడు చూడండి. ఒకటో తారీఖున లోన్ తీసుకుని, ఆ వారమే సబ్బు పోసినా, అమ్మకం మొదలయ్యేది నెలన్నర తర్వాత. కిస్తీ మాత్రం నెల తిరగ్గానే వస్తుంది. సబ్బు అర మీద ఆరుతుంటుంది, కిస్తీ తలుపు కొడుతుంది. మొదటి రెండు కిస్తీలకు వేరే ఆదాయం చూపించలేని సభ్యురాలు సబ్బుల పేరు మీద అప్పు తీసుకోవద్దని మా బృందం గట్టిగా చెప్తోంది.

పండుగలకు కూడా ఇదే లెక్క. వినాయక చవితికి పోసిన సబ్బు దీపావళికి పెట్టెలోకి ఎక్కుతుంది. 1938 నుంచి మన నగరంలో జరుగుతున్న నుమాయిష్ జనవరి 1న మొదలవుతుంది, దానికి నవంబర్ మధ్యకల్లా పోసి ఉండాలి. పండుగ ముందు వారం ఆర్డర్ వస్తే, ఆరని సబ్బు ఇవ్వడం కంటే "ఈసారి లేదక్కా" అనడమే మేలు.

అమ్మాలంటే చట్టం ఏమంటుంది?

మీరు ఇంట్లో చేసుకొని మీ ఇంటివాళ్ళు వాడుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మకానికి తయారు చేస్తే సంగతి మారుతుంది.

మన దేశంలో 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ఉంది. సౌందర్య సాధనం అంటే ఏమిటో చెప్పే చోట ఒకప్పుడు "సబ్బు కాకుండా" అని ఉండేది. 1982 సవరణలో ఆ మాట తీసేశారు. అప్పటి నుంచి ఒంటి సబ్బు కూడా ఆ చట్టం కిందే. ఇప్పుడు నడుస్తున్నవి 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్. అమ్మకానికి తయారు చెయ్యాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు ఉండాలి. సబ్బు బేస్ కరిగించి పోసినా తయారీయే. ఆ శాఖ ఆఫీసు వెంగళరావు నగర్‌లో ఉంది, మనకు పక్కనే.

ఆ రూల్స్‌లో మనకు ముఖ్యమైనవి రెండు. తయారు చేసే చోటు నివాసంగా వాడకూడదు, నివాస గదులతో కలిసి ఉండకూడదు. అంటే వంటగదికి లైసెన్సు రాదు. రెండోది, అర్హత ఉన్న మనిషి పూర్తికాలం దగ్గరుండి చూసుకోవాలి. ఫార్మసీ డిప్లొమా ఉన్నవాళ్ళే కాదు, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా ఇంటర్ పాసైనవాళ్ళు కూడా ఆ అర్హత కిందికి వస్తారు. మన ఇళ్ళల్లో ఎంపీసీ, బైపీసీ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు లేరా?

ఇంకో దారి లోన్ లైసెన్సు. పేరులో లోన్ ఉన్నా బ్యాంకు లోన్‌తో సంబంధం లేదు. లైసెన్సు ఉన్న మరొకరి యూనిట్‌లో మన సరుకు మన పేరు మీద తయారు చేసుకునే అనుమతి అది. ఇక లైసెన్సు ఉన్న యూనిట్‌లో తయారైన సబ్బును కొని అమ్మేవాళ్ళకు తయారీ లైసెన్సు అక్కర్లేదు.

పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వాడాల్సిన గడువు, కలిపిన పదార్థాలు, బరువు, గరిష్ఠ ధర ఉండాలి. స్నానపు సబ్బుకు భారతీయ ప్రమాణాలు కూడా ఉన్నాయి, ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. "గజ్జి తగ్గుతుంది", "మొటిమలు నయమవుతాయి" అని రాయకూడదు. రోగం నయం చేస్తామంటే అది మందు కిందికి వస్తుంది, దాని లైసెన్సు వేరు. "వారంలో తెల్లబడతారు" అన్న మాట మనం అస్సలు రాయొద్దు. ఆ మాట విని మన ఆడపిల్లలు పడిన బాధ మనకు తెలుసు.

కలిసి చేస్తే ఏం మారుతుంది?

ఇంట్లో మొదలైన సబ్బు ఎక్కడికి పోగలదో చెప్పడానికి మెడిమిక్స్ ఉంది. 1969లో చెన్నైలో రైల్వే డాక్టరుగా పనిచేసిన వి.పి. సిద్ధన్ దాన్ని ఇంట్లోనే చేతితో మొదలుపెట్టారు. తర్వాత అది ఫ్యాక్టరీకి చేరింది. మన దగ్గర 1956లో విశాఖపట్నంలో మొదలైన గిరిజన సహకార సంస్థ తేనె, కుంకుడుకాయలతో పాటు సబ్బులూ అమ్ముతోంది. అడవిలో ఒక్కో కుటుంబం ఏరేది కొంచెమే, సంస్థ వెనక ఉంది కాబట్టి ఆ సరుకు పట్నం దుకాణం దాకా వచ్చింది.

మన సంగతీ అంతే. ఒక్క సభ్యురాలు వేరే గది కిరాయి కట్టలేదు, జీతం ఇచ్చి మనిషిని పెట్టలేదు, ల్యాబ్ ఫీజు కట్టలేదు, ఆరు వారాలు పైసలు ఆపుకోలేదు. ఇరవై సంఘాలు కలిస్తే ఇవన్నీ పంచుకోవచ్చు. పొదుపు కూడా మనం అట్లనే మొదలుపెట్టాం కదా, ఒక్కరి చేతిలో చిల్లరగా ఉన్నది పదిమంది కలిపితే బ్యాంకు మెట్లెక్కింది.

అందుకని మా బృందం ఈ తీర్మానాన్ని సభ ముందు పెడుతోంది.

ఒకటి: సబ్బుల తయారీ ప్రతి సంఘంలో ఇద్దరికి నేర్పిస్తాం. ముందు బేస్ కరిగించడం, తర్వాత కాస్టిక్ పని. కాంటా, గ్లౌజులు, కళ్ళద్దాలు సమాఖ్య కొనాలి.

రెండు: ఇంట్లో చేసిన సబ్బు ఇంటి వాడకానికే. లైసెన్సు వచ్చేదాకా సమాఖ్య పేరు మీద ఎవరూ అమ్మకూడదు.

మూడు: నివాసం లేని షట్టర్ ఒకటి కిరాయికి చూసి, వెంగళరావు నగర్ ఆఫీసులో గది కొలతలు, ఫీజు, కాగితాలు అడిగి, మూడు నెలల్లో కార్యవర్గానికి ఖర్చు లెక్క ఇస్తాం. సొంత లైసెన్సా, లోన్ లైసెన్సా అన్నది ఆ లెక్క చూశాక సభే తేల్చాలి.

నాలుగు: ఒక్కరి పేరు మీద సబ్బుల లోన్ ఇప్పుడే వద్దు. ముందు ఉమ్మడి చోటు, మూడు బ్యాచ్‌లు ఆరి పరీక్ష పాసవడం, కొనేవాళ్ళ నుంచి రాతపూర్వక ఆర్డర్. అప్పు మాట ఆ తర్వాతే.

ఐదు: ప్రతి బ్యాచ్‌కు రిజిస్టర్. ఏ తారీఖున పోశాం, ఏ నూనె ఎంత, ఎవరు తూచారు, ఎప్పుడు కోశాం, ఆరాక బరువు ఎంత, ఎవరికి అమ్మాం. పొదుపు పుస్తకం రాసినంత శుభ్రంగా రాయాలి. ఒక కొనుగోలుదారు "మండుతోంది" అని వస్తే, ఏ బ్యాచో చూసి మిగతావి వెంటనే వెనక్కి తేగలగాలి.

"ఇన్ని కట్టుబాట్లు ఎందుకు, పక్క వీధిలో ఆమె ఇంట్లోనే చేసి అమ్ముతోంది గదా" అని మీలో కొందరికి అనిపిస్తుంది. ఆమె ఒక్కతే, నష్టం వస్తే ఒక్కతే మోస్తుంది. మన పెట్టె మీద సమాఖ్య పేరు ఉంటుంది. ఆ పేరు మీదే మన అందరికీ బ్యాంకు అప్పు ఇస్తోంది, కూరగాయల బండి నడిపే అక్కకు, టైలరింగ్ చేసే చెల్లెకు కూడా. సబ్బు దగ్గర ఆ పేరుకు మచ్చ పడితే వాళ్ళ అప్పు కూడా ఆగుతుంది.

నేర్చుకోవాలనుకునేవాళ్ళు సభ అయ్యాక మీ సంఘం పేరు, మీ పేరు మా రిజిస్టర్‌లో రాయించండి. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివిన బిడ్డలుంటే వాళ్ళ పేర్లు కూడా చెప్పండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, తర్వాత తీర్మానం మీద చేతులు ఎత్తుదాం.